తప్పును చెప్పు విద్య

మన యిండ్లలో ప్రతిదినమును ఏదో యొక వస్తువు చెడుచునే యుండును. కొళాయి కారును, మిక్సీ తిరుగుట మానును, కుట్టుపనివాడు తెచ్చి యిచ్చిన రవిక యొడలికి సరిపడదు. చెడుట వింత గాదు. చెడినదానిని బాగుచేయువానితో మనము చెప్పు మాటలోనే భేదమంతయు నున్నది. "రవిక బాగుగా లేదు" అని తిప్పి పంపినచో, ఆతడు దానిని మూడు దినములుంచుకొని, ఇస్త్రీ చేసి, మరల నట్లే పంపును. "ఎడమ చంక క్రింద అరంగుళము బిగువుగా నున్నది, కుడివైపు సరిగానే యున్నది" అనినచో సాయంకాలమునకే సరియై వచ్చును. రెండును ఫిర్యాదులే. మొదటిది మన యసంతృప్తిని మాత్రమే తెలుపును. రెండవది తప్పున్న చోటును చూపును.

ఈ భేదమెంత పెద్దదో నాకు నా వృత్తి నేర్పినది. నేను గణాంకములతో పనిచేయుదానను. నా పని యంతయు కంప్యూటరుమీద, 'ఆర్' అను నొక భాషలో జరుగును. ఇంగ్లీషు అక్షరమాలలోని ఆ యొక్క యక్షరమే దాని పేరు. అది మనుష్యులు మాటలాడుకొను భాష కాదు. లెక్కలు చేయుమని యంత్రమునకు ఆజ్ఞలు వ్రాసి యిచ్చు భాష. "ఈ పట్టికలోని పిల్లల బరువుల సగటు చెప్పుము" అని దానిలో వ్రాసినచో కనురెప్పపాటులో చెప్పును. పంటల దిగుబడులు, రోగుల సంఖ్యలు, వానల లెక్కలు, మందుల పరీక్షలు నేడు లోకములో ననేక చోట్ల ఈ భాషలోనే లెక్కింపబడుచున్నవి. కావున దానిలో తప్పు పుట్టినచో అది కాగితముమీదనే నిలిచిపోదు. ఎవరి యింటి గుమ్మమునో తట్టును, లేక తట్టవలసిన గుమ్మమును తట్టక పోవును. ఈ సంగతి నేను కన్నులార చూచితిని.

ముందుగా ఆ భాష పుట్టుక కొంచెము చెప్పుదును. ఏలయన, దాని పెంపకములో ఫిర్యాదులకే పెద్ద పాలున్నది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ ఛేంబర్స్ మొదలగువారు 1976లో 'ఎస్' అను గణాంక భాషను ఆరంభించిరి. న్యూజిలాండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను నిరువురు అధ్యాపకులు దానిని పోలిన మరియొక భాషను 1990 తరువాతి సంవత్సరములలో నిర్మించిరి. ఇద్దరి పేర్లును 'ఆర్' అను నక్షరముతోనే మొదలగుచున్నవి. అక్షరమాలలో 'ఎస్'కు ముందున్నదియు ఆ యక్షరమే. స్విట్జర్లాండునందలి గణాంకశాస్త్రజ్ఞుడు మార్టిన్ మెక్లర్ ప్రోత్సాహమున వారు 1995లో దానిని ఎల్లరకును ఉచితముగా నిచ్చివేసిరి. ఫలము మాత్రమే కాదు, చెట్టు వేళ్లతో సహా యిచ్చిరి. అనగా దాని లోపలి వ్రాత యంతయు ఎవరైనను చదివి, దిద్ది, పంచుకొనవచ్చును. వాడినవారు తప్పులు చూపుచు, దిద్దుబాట్లు పంపుచు వచ్చిరి. ఇరువురితో సాగు పని కాకపోయెను. 1997లో మరికొందరిని చేర్చుకొని కోర్ బృందమేర్పడెను. మొదటి సంపూర్ణమైన కూర్పు 2000వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన వెలువడెను.

ఇట్టి వస్తువునకు అంగడి లేదు, రశీదు లేదు, "మా సొమ్ము మాకిండు" అని యడుగుటకు తావు లేదు. దానిని కాపాడువారిలో పెక్కురు తమ యుద్యోగములు చేసికొనుచు మిగిలిన వేళలో పాటుపడువారు. అట్టివారికి మనమీయగల మూల్యమొక్కటే: తప్పు కనబడినపుడు దానిని చక్కగా చెప్పుట.

కంప్యూటరు పనిలోని తప్పును ఇంగ్లీషువారు 'బగ్' అందురు. పురుగు అని యర్థము. 1947వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయపు యంత్రములో నొక చిమ్మటపురుగు చిక్కుకొనగా, పనివారు దానిని తీసి దినచర్య పుస్తకములో నంటించి, నిజమైన పురుగు దొరకినదని పరిహాసముగా వ్రాసికొనిరి. ఈ కథను లోకమున వ్యాపింపజేసినది గ్రేస్ హాపర్ అను విదుషీమణి. ఆ పదము మాత్రము అంతకన్న పాతది. ఎడిసన్ తన యంత్రముల లోపములను గూర్చి 1878లోనే ఆ మాటను వాడెను. ఆ పనివారు పురుగును విసరివేయక, ఏ దినమున, ఏ భాగమున దొరకినదో వ్రాసి దాచుట చూచితిరా? తప్పును గూర్చి మొదట చేయవలసిన పని యదియే.

ఇక నా యనుభవము. 2018లో నేనొక సేవాసంస్థలో పనిచేయుచుంటిని. కొన్ని గ్రామములలో అంగన్‌వాడీ టీచర్లు సంవత్సరము లోపలి శిశువులను నెలనెలా తూచి, వయస్సును బరువును మాకు పంపుచుండిరి. ఆర్ భాషలో వ్రాసిన యొక ప్రోగ్రాము ఆ పట్టికను చదివి, ప్రపంచ ఆరోగ్యసంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణములతో పోల్చి, వయస్సునకు తగిన బరువు లేని బిడ్డల పేర్లను వేరుచేయుచుండెను. ఆ జాబితాలో పేరున్న యింటికి నర్సు వారమున కొకసారి పోయి బిడ్డను చూచును. తల్లికి పోషణ విషయములు చెప్పును. అవసరమైనచో ఆసుపత్రికి పంపును. పేరు లేని యింటికి పోదు. ఆ ప్రోగ్రామును నాకు పూర్వ మచ్చట పనిచేసి వెడలిన వారెవరో వ్రాసిరి.

ఒక నెలలో ఫిర్యాదులు వచ్చినవి. "జాబితా అంతయు తప్పు" అని యొకరు వ్రాసిరి. "మీ కంప్యూటరు పనికిమాలినది" అని మరియొకరు. "మా ఊరి పేర్లు వేరొక ఊరివారివేమో" అని యింకొక రూహించిరి. ఈ యుత్తరములతో నెవరును ఏమియు చేయజాలకపోయిరి. పైగా కార్యాలయములో పెద్దలు, "గ్రామములలో సరిగా తూచరు, తప్పు వారిదే" అని తీర్మానించి యూరకుండిరి.

అప్పుడొక టీచరు నాకు ఫోను చేసెను. ఆమె మాటలు నాకిప్పటికిని జ్ఞాపకమున్నవి.

"మేడమ్, ఈ నెల జాబితాలో రెండో నెల పాప పేరుంది. ఐదు కిలోల నూరు గ్రాములు తూగింది, బాగుంది. పదో నెల పాప పేరు లేదు. ఆరు కిలోల రెండు వందలే ఉంది. పోయిన నెల జాబితా సరిగ్గానే వచ్చింది. ఈ నెలే ఇలా ఉంది."

"తూకం సరిచూశారా, టీచరుగారూ?" అని యడిగితిని.

"కిలో పప్పు ప్యాకెట్లు రెండు పెట్టి చూశాను మేడమ్. సరిగ్గా రెండే చూపించింది."

ఆమెకు ఆర్ భాష పేరైనను తెలియదు. ఐనను నేను చూచిన ఫిర్యాదులన్నిటిలో నిదియే యుత్తమమైనది. ఏమి జరిగినదో చెప్పెను. ఏమి జరుగవలసినదో ఆ మాటలలోనే యున్నది. ఊరంతటిని గూర్చి చెప్పక ఇద్దరు బిడ్డలను చూపెను. అంకెలు చెప్పెను. ఎప్పటివరకు సరిగా నున్నదో, ఎప్పుడు చెడినదో చెప్పెను. తూకపు యంత్రముమీద ననుమానము రాగలదని యెరిగి ముందే దానిని పరీక్షించెను. కారణమిది కావచ్చునని యూహ మాత్రము చేయలేదు. ఈ కడపటి గుణ మన్నిటికంటె నరుదైనది.

అన్నము పదునుగా నుడికినదో లేదో చూచుటకు కుండంతయు వంచనక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలందురు. ప్రోగ్రాములో తప్పు వెదకుటకును ఇదియే సూత్రము. వేలకొలది వరుసలు గల పట్టికను ప్రక్కన బెట్టి, ఒకటి మొదలు పండ్రెండు నెలల వరకు వయస్సులు గల పండ్రెండు వరుసల చిన్న పట్టికను నేనే కల్పించి ప్రోగ్రామునకిచ్చితిని. ఫలితము సరిగా వచ్చినది. కావున తప్పు ప్రోగ్రాము నడకలో నెల్లప్పుడు నుండునది కాదు. ఈ నెల పట్టికలోని దేదో దానిని లేపుచున్నది.

పెండ్లి పందిటిలో దీపముల తోరణము వెలుగనపుడు పనివాడు ప్రతి దీపమును విప్పడు. తోరణమును సగముచేసి, ఏ సగములో లోపమున్నదో చూచి, ఆ సగమును మరల సగము చేయును. నేనును పట్టికను రెండుగా విభజించితిని. ఒక సగము సరిగా వచ్చినది, రెండవది చెడినది. చెడినదానిని మరల రెండు చేసితిని. వేలు వందలయ్యెను, వందలు పదులయ్యెను, తుదకొక్క వరుస మిగిలెను. అందులో వయస్సు చోట '9' అని యుండవలసినది '9 నె' అని యున్నది. ఎవరో తొమ్మిది నెలలు అని తెలుపుటకు ఆ యక్షరమును చేర్చిరి. మనుష్యులు చదువుకొనుటకు అది మరింత స్పష్టము. యంత్రమునకు మాత్రమది వేరు. ఆ వరుసను నా పండ్రెండు వరుసల పట్టికకు చేర్చి చూచితిని. తప్పు తక్షణము ప్రత్యక్షమయ్యెను.

కారణము వినుడు. ఒక నిలువు వరుసలో నన్నియు నంకెలే యున్నచో ఆర్ దానిని అంకెలుగా చదువును. ఒక్కచోట నక్షరము తగిలినను, ఆ వరుస నంతటిని మాటలుగా నెంచును. ఆనాటి కూర్పులలో, అట్టి మాటల వరుసను 'ఫ్యాక్టర్' అను వర్గముల పట్టీగా మార్చి దాచుకొను నలవాటుండెను. మాటలను నిఘంటువులోవలె వరుసలో పేర్చి, ఒక్కొక్కదానికి క్రమసంఖ్య నిచ్చి, ఆ క్రమసంఖ్యలనే లోపల నుంచును. నిఘంటువు వరుసలో మొదటి యక్షరమునుబట్టి చోటు వచ్చునుగదా! అందుచే 1 తరువాత 10, 11, 12 వచ్చి, ఆ పిదప 2, 3 వచ్చును. పది రెండవది, పదునొకండు మూడవది, పండ్రెండు నాలుగవది, రెండు ఐదవది, ఇట్లే తొమ్మిది పండ్రెండవది. "ఈ వరుసను మరల నంకెలుగా మార్చుము" అని ప్రోగ్రాము ఆజ్ఞాపించినది. యంత్రము వయస్సుల నీయక, క్రమసంఖ్యల నిచ్చినది.

కావున పది నెలల పాప రెండు నెలల పాప యయ్యెను; రెండు నెలల పాప ఐదు నెలల పాప యయ్యెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రమాణమునుబట్టి పది నెలల యాడుబిడ్డ బరువు 6.7 కిలోలకు తగ్గినచో తక్కువ బరువనియే లెక్క. 6.2 కిలోలతో నున్న ఆ పాప జాబితా కెక్కవలసినదే. కాని రెండు నెలల బిడ్డకు 5.1 కిలోలే నడిమి బరువు; రెండు నెలల బిడ్డగా నెంచినచో 6.2 కిలోలు పుష్టికి గురుతు. అందుచే ఆ పేరు జారిపోయినది. నిజముగా రెండు నెలలదై, సరిగా 5.1 కిలోలున్న బిడ్డను ఐదు నెలల దానిగా నెంచగా, ఆ వయస్సునకు కనీసపు బరువు 5.4 కిలోలు గనుక, ఆ పేరు జాబితా కెక్కినది. ఒక్క నెల వయస్సుగల బిడ్డలు తప్ప తక్కినవారందరి వయస్సులును మారిపోయినవి.

ఇందులో భయంకరమైన సంగతి వేరొకటి కలదు. యంత్రము ఒక్క హెచ్చరికయు చేయలేదు. ఆగిపోలేదు, ఎర్రని యక్షరములు చూపలేదు, జాబితాను చక్కగా ముద్రించి యిచ్చినది. గిన్నె మాడినచో వాసన వచ్చును, పరుగెత్తి దింపుదుము. పాలలో నీరు కలిసినచో వాసన రాదు. ఆ టీచరు బిడ్డ మొగమును చూచి కాగితమును నమ్మక పోవుటచేతనే యీ తప్పు బయటపడినది.

దిద్దుబాటు ఒక్క పంక్తి. వయస్సులను మొదట మాటలుగా తీసికొని, పిదప నంకెలుగా మార్చవలెను. అట్లు చేసినచో '9 నె' అన్నది తెలియని విలువగా మారి, హెచ్చరిక వచ్చును. హెచ్చరిక వచ్చినచో జాబితా ముద్రింపక నిలుపవలెనని మరియొక పంక్తి చేర్చితిని.

"ఐతే తప్పెవరిది?" అని మీరడుగవచ్చును. కార్యాలయములోను ఈ ప్రశ్నయే వచ్చినది. అక్షరము చేర్చినవారిదా? ప్రోగ్రాము వ్రాసినవారిదా? భాషను నిర్మించినవారిదా? ఆర్ భాషతోపాటు వచ్చు సహాయపుటలలో, ఫ్యాక్టర్లను నేరుగా నంకెలుగా మార్చరాదని, ఎట్లు మార్చవలెనో కూడ వ్రాసియే యున్నది. చెప్పినట్లే నడచుకొన్నదానిని బగ్ అనుటకు వీలులేదు. ఆ ఫిర్యాదును ఆర్ బృందమునకు పంపుట తగదు, ప్రోగ్రామునే దిద్దుకొనవలెను.

మనకు వింతగా దోచిన ప్రతిదియు తప్పు కాదు. ఆర్‌ను 0.1, 0.2 కూడినచో 0.3 అగునా యని యడిగినచో కాదనును. క్రొత్తవారందరును దీనిని చూచి దిగ్భ్రమ చెందుదురు. ఒక రూపాయిని ముగ్గురు బిడ్డలకు సమానముగా పంచుడు. తలకు 33 పైసలు వచ్చును. మరల కూడినచో 99 పైసలే. మన దశాంశ పద్ధతిలో మూడవ వంతు నిశ్శేషముగా వ్రాయ వీలులేనట్లే, రెండింటి లెక్కతో నడచు యంత్రములో పదియవ వంతు నిశ్శేషముగా వ్రాయ వీలులేదు. ఇది ఆర్ యొక్క లోపము కాదు. ఇతర భాషలలోను ఇట్లే యుండును. ఆర్ భాషకు సంబంధించిన ప్రశ్నోత్తరములలో దీనికి ప్రత్యేకముగా నొక సమాధానమున్నది. ఫిర్యాదు వ్రాయుటకు ముందు సహాయపుటను, ఆ ప్రశ్నోత్తరములను చదువుట మన విధి.

ఐనను చెప్పినట్లే నడచుకొనుట యొకటి, చెప్పినది మంచిదగుట మరియొకటి. మాటలను తనంతట ఫ్యాక్టర్లుగా మార్చు నలవాటువలన లోకమున పెక్కుమంది చిక్కుపడిరి. ఎన్నియో సంవత్సరములు ఆ మాట వినబడుచునే యుండెను. తుదకు 2020వ సంవత్సరము ఏప్రిలులో వెలువడిన 4.0.0 కూర్పులో ఆ యలవాటును మాన్పిరి. ఇప్పుడు పట్టికలోని మాటలు మాటలుగానే యుండును. బగ్ కాని దానిని గూర్చియు, విసుగక, మర్యాదతో, నిదర్శనములతో చెప్పుచుండినచో ఫలముండునని యిందువలన తెలియుచున్నది.

నిజమైన బగ్ ఎట్లుండునో కూడ నొక యుదాహరణము చెప్పెదను. చీట్లు వేసి తీసినట్లుగా, పెద్ద గుంపునుండి కొందరిని పక్షపాతము లేక యెన్నుటకు ఆర్‌లో నొక ఆజ్ఞ యున్నది. దాని పేరు 'శాంపుల్'. ప్రతి చీటికి సమానావకాశ ముండవలెను. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన కెల్లీ ఆటోబోనీ అను యువతియు, ఫిలిప్ స్టార్క్ అను నాచార్యుడును 2018లో, గుంపు మిక్కిలి పెద్దదైనపుడు ఆ సమానత్వము చెడుచున్నదని చూపిరి. పిమ్మట జరిగిన చర్చలో మూడు నాలుగు పంక్తుల పరీక్ష యొకటి బయలుదేరెను. ఒకటి మొదలు సుమారు 171 కోట్ల 80 లక్షల వరకు గల సంఖ్యలనుండి పది లక్షల సంఖ్యలను తీయుడు. అందులో సరిసంఖ్యలెన్నో బేసిసంఖ్యలెన్నో లెక్కింపుడు. చెరి యైదు లక్షలు రావలెను. కాని సరిసంఖ్యలు సుమారు నాలుగు లక్షలు, బేసిసంఖ్యలు సుమారు ఆరు లక్షలు వచ్చినవి! దీనికి వాదమేల? ఎవరైనను తమ యింట ఆ పంక్తులు వ్రాసి చూచుకొనవచ్చును. 2019 ఏప్రిలులో వచ్చిన 3.6.0 కూర్పులో ఆ పద్ధతిని మార్చిరి. పాత ఫలితములను మరల సరిచూచుకొన వలసినవారికై పాత పద్ధతినికూడ అడిగినచో దొరకునట్లుంచిరి.

పెద్ద పండితుల వ్యాసమునకును, మా టీచరు ఫోనుమాటకును నాకు పోలిక కనబడుచున్నది. రెండింటను చిన్న నిదర్శనము, రావలసినది, వచ్చినది యున్నవి.

ఇట్టి ఫిర్యాదు వ్రాయు పద్ధతిని, మీ బిడ్డలలో నెవరైన నీ విద్య నభ్యసించుచున్నచో వారికుపయోగించునని, సంగ్రహముగా చెప్పుదును. మొదట క్రొత్త కూర్పు తెచ్చుకొని చూడవలెను. ఆ తప్పు అప్పటికే దిద్దబడి యుండవచ్చును. పిదప ఆర్‌ను మూసి, క్రొత్తగా తెరచి, ఏ పాత సామానును లేకుండ అదే తప్పు మరల వచ్చునేమో చూడవలెను. తప్పును చూపు మిక్కిలి చిన్న పట్టికను, మిక్కిలి కొద్ది పంక్తులను సిద్ధపరుపవలెను. యంత్రము చెప్పిన మాటను మన మాటలలో మార్చి వ్రాయక, ఉన్నదున్నట్లు నకలు తీయవలెను. 'ట్రేస్‌బ్యాక్' అను ఆజ్ఞ నిచ్చినచో, ఏ పని ఏ పనిని పిలువగా తప్పు పుట్టినదో వరుసగా చెప్పును. ఊరిలో పుట్టిన వదంతిని "నీకెవరు చెప్పిరి, వారికెవరు చెప్పిరి" అని మూలమువరకు పట్టుకొని పోవుటవంటిదది. వైద్యునియొద్దకు పోయినపుడు వయస్సును, వాడుచున్న మందులను ముందే చెప్పునట్లు, 'సెషన్ ఇన్ఫో' అను ఆజ్ఞ యిచ్చు వివరములను, అనగా ఆర్ ఏ కూర్పో, ఏ యంత్రముమీద నడచుచున్నదో, ఏ ప్యాకేజీలు తెరచియున్నవో, జతపరుపవలెను. ప్యాకేజీ యనగా భాషకు తోడుగా ఇతరులు వ్రాసి యిచ్చిన పనిముట్ల కట్ట. అట్టివి నేడు ఇరువదివేలకు పైగా నున్నవి. తప్పు ప్యాకేజీలోనిదైనచో దానిని కాపాడువారికి చెప్పవలెను. భాషలోనిదే యైనచో ఆర్ బృందమువారి ఫిర్యాదుల చిట్టా కెక్కింపవలెను. పొరుగింటి పైకప్పు కారినచో ఎదురింటి వారితో దెబ్బలాడుట తగదుగదా!

అన్నిటికంటె ముఖ్యమని ఆర్ పెద్దలు తమ ప్రశ్నోత్తరములలో చెప్పినది యిది: చూచిన సంగతులు వ్రాయుడు, కారణములను గూర్చిన యూహలు వ్రాయకుడు. "బహుశః మీ లెక్కల పద్ధతి తప్పు" అనుట సులభము. కాని అది చదువువానిని త్రోవ తప్పించును.

నేను వీనికి మరియొక నియమము చేర్చుకొంటిని. నిదర్శనము పంపునపుడు నిజమైన బిడ్డల పేర్లు, ఊళ్లు, బరువులు బయటి కెవరికిని పంపరాదు. కల్పిత వరుసలతో తప్పును చూపగలుగునంత వరకు పాటుపడవలెను. తల్లి మనలను నమ్మి బిడ్డను తూకమున పడుకొనబెట్టినది. ఆ బిడ్డ వివరములు లోకమునకు చాటుటకు కాదు.

ఆ నెల జాబితాను మరల తీసి పంపితిమి. పది నెలల పాప యింటికి నర్సు పోయినది. తరువాతి నెలలలో బరువు క్రమముగా పెరిగినదని టీచరు చెప్పగా వింటిని. అదే జాబితాలో తప్పిపోయిన మరియొక బిడ్డ యింటికి పోవునప్పటికి తలుపునకు తాళము వేసియున్నది. ఆ కుటుంబము ఇటుకబట్టీ పనికి వలసపోయినదట. ఎచ్చటికి పోయినదో ఇరుగుపొరుగువారు చెప్పలేకపోయిరి. జాబితా మొదటనే సరిగా వచ్చియున్నచో మూడు వారములు ముందుగా ఆ గుమ్మము ముందు నర్సు నిలిచి యుండెడిది. ఒక్క పంక్తి తప్పునకు వెల యెంతో నాకానాడు తెలిసినది.

సోదరీమణులారా! ఆడువారు లోపమును చెప్పినచో "సణుగుట" అని కొట్టిపారవేయుట లోకమునకు వాడుక. కార్యాలయములో ఆ టీచరు మాటనుగూర్చి మొదట నన్నది కూడ నిదియే. ఆ యపవాదమును పోగొట్టుటకు మన మూరకుండనక్కరలేదు. మరింత సూటిగా మాటలాడిన చాలును. ఏమి చూచితిమో, ఎప్పుడు చూచితిమో, ఎంతో, ఏది యుండవలసినదో చెప్పుదము. అనుమానము రాగల చోటును ముందే పరీక్షించుకొందము. తెలియని కారణమును తెలిసినట్లు చెప్పకుందము. రేషను తూకమైనను, బడి మార్కులైనను, కరెంటు బిల్లయినను, మందుచీటి యైనను ఇంతే. అంకెలు అచ్చుపడి వచ్చినవని భయపడవలదు. కాగితమొకటి చెప్పి, కంటి యెదుట బిడ్డ మొగము మరియొకటి చెప్పినపుడు, తూకముమీద రెండు పప్పు ప్యాకెట్లు పెట్టి చూచి, పిదప నిశ్చింతగా ఫోను చేయుడు.